డెమరారా కొయ్యబట్టీలు

రమ్ము చరిత్రను చెప్పబూనువారు సామాన్యముగా ఓడదొంగలతోడనో, నడిసముద్రమున పాత్రలెత్తు నావికులతోడనో కథ నారంభింతురు. ఆ పానీయము పుట్టినది మాత్రము సముద్రముమీద కాదు, చెరకుతోటలో. పంచదార పలుకుగట్టిన పిమ్మట మిగిలిపోవు నల్లని చిక్కని మడ్డిని పారబోయుటకు మనసొప్పక, పదునేడవ శతాబ్దమున బార్బడోసు దీవిలోని తోటల యజమానులు దానికి నీరు చేర్చి, పులియబెట్టి, బట్టీకెక్కించి దించిన సారాయియే రమ్ము. ఆ దీవిలో మౌంట్ గే అను తోటయందు బట్టీ సామగ్రి యుండినట్లు తెలుపు 1703 నాటి దస్తావేజు నేటికిని నిలిచియున్నది. జమైకాలోని ఆపిల్టన్ తోటలో 1749 నాటికే రమ్ము తయారగుచుండెను. క్యూబాలోని శాంటియాగో నగరమున 1862లో ఫకుండో బకార్డీ రేకుల కప్పు గల చిన్న కార్ఖానాను కొని, దాని దూలములను నివాసముగా చేసికొన్న గబ్బిలమునే తన సరకునకు ముద్రగా గ్రహించెను. మన దేశమున 1954లో వెలువడిన ఓల్డ్ మాంక్ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వీనిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క చరిత్ర కలదు. కాని డెమరారా రమ్ము చరిత్ర మన జాతితో, అందును కొంత మన భాషవారితో, గాఢముగ ముడివడియున్నది. ఆ బంధము మనలో పెక్కుమందికి తెలియరాకపోవుట విచారకరము గనుక దానిని గూర్చియే యిచట విస్తరించి వ్రాయుచున్నాను.

దక్షిణ అమెరికా ఖండపు ఈశాన్య తీరమున ఎసెక్విబో, డెమరారా, బెర్బీసు అను మూడు నదులు సముద్రమును చేరుచోట ఒలందావారు మొదట వలసలు స్థాపించిరి. ఆ సీమలు 1814లో ఆంగ్లేయుల వశమై, 1831లో బ్రిటిష్ గయానా అను నొక్క రాజ్యముగా కూర్పబడి, 1966లో గయానా అను పేర స్వతంత్రములైనవి. ఆ తీరభూమి నిజమునకు భూమి యనదగినది కాదు. నదులు కొట్టుకొని తెచ్చిన యొండ్రు, మడచెట్ల వేళ్లు, ఉప్పునీరు కలిసిన బురద. పోటు సమయమున సముద్రమట్టము పొలముల మట్టమునకంటె ఎత్తుగ నుండును. ఒలందావారు తమ స్వదేశమున నేర్చిన విద్యనే యిచటను ప్రయోగించి, ముందు సముద్రమునకు, వెనుక అడవినుండి వచ్చు వరదకు అడ్డముగ కట్టలు పోయించి, నడుమ కాలువలు త్రవ్వించి, కోకరు అని నేటికిని అచటివారు పిలుచు తూములను నిలిపి, పోటు వేళ వానిని మూసి, ఆటు వేళ తెరచి, లోని నీటిని వెలికి పంపు పద్ధతి నేర్పరచిరి. ఒక చదరపు మైలు చెరకు సాగునకు నలుబది తొమ్మిది మైళ్ల మురుగు కాలువలు, పదునారు మైళ్ల పడవ కాలువలు కావలసియుండెనని 1948లో నియమింపబడిన వెన్ విచారణ సంఘమువారు లెక్కగట్టిరి. ఆ జలమార్గముల నిర్మాణమునకై కదల్పబడిన మన్ను పదికోట్ల టన్నులకు తక్కువగాదని గూడ వారు వ్రాసిరి. యంత్రములు లేని కాలమున, పారతో, నెత్తిమీది బురదతో, మొలలోతు నీటిలో నిలిచి ఆ పని చేసినవారు ఆఫ్రికానుండి పట్టి తేబడిన బానిసలు. గయానా చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ ఈ లెక్కను ఎత్తి చూపి, ఆ దేశపు మట్టియే తొలుత మానవ నిర్మితమని నిరూపించెను. డెమరారా రమ్మును గూర్చి మాటలాడు ప్రతివాడును ఈ పదికోట్ల టన్నుల మన్నును ముందుగ తలపునకు దెచ్చుకొనవలెను.

ఇట్లు సిద్ధమైన నేలలో చెరకు నరికి, కట్టలు గట్టి, ఇనుప పడవలలో నింపి, కాలువగట్టున కంచరగాడిదలచేతను ఎద్దులచేతను లాగించి కర్మాగారమునకు చేర్చెడివారు. ప్రతి తోటకును తన గానుగ, తన పెనములు, తన బట్టీ ప్రత్యేకముగ నుండెడివి. పంచదార ధర పడిపోయిన యేట తోటను నిలబెట్టినది పెక్కుమారులు రమ్మే. మడ్డికి నీరు కలిపి తొట్లలో ఒకటి రెండు దినములుంచగా, పైన నురుగు లేచి, ఊట గుబగుబలాడి చల్లబడును. మన పల్లెలలో దొంగసారాయి కాచువారు బెల్లపు ఊట అని దేని నందురో అదియే యిదియు; భేదమెల్ల పరిమాణమునను, పాత్రలయందును, యజమానులు పొందు గౌరవమునను మాత్రమే కలదు.

బానిసలు ఊరకుండిరని తలపరాదు. 1763లో బెర్బీసున కఫీ నాయకత్వమున లేచిన తిరుగుబాటు సుమారొక సంవత్సరము నిలిచెను. 1823 ఆగస్టులో డెమరారా తూర్పుతీరమున, సక్సెస్ అను పేరు గల తోటలో రాజుకొన్న యుద్యమము అనేక తోటలకు ప్రాకి, వేలకొలది బానిసలను కదల్చినది. దానిని నడిపినవారిలో ముఖ్యులు క్వామినా యను వడ్రంగి, అతని కుమారుడు జాక్. ఈ జాక్ ఇంటిపేరు గ్లాడ్‌స్టన్. ఏలయన ఆ తోట యజమాని లివర్‌పూలు వర్తకుడగు జాన్ గ్లాడ్‌స్టన్, యజమాని పేరే బానిసకు ఇంటిపేరై యుండెను. బానిసలు కోరినది తమకు రాజుగారు ఇచ్చిరని తాము నమ్మిన హక్కులను. వారికి లభించినది తుపాకిగుండు, ఉరికంబము. వారికి మత బోధ చేసిన జాన్ స్మిత్ అను పాదిరీ మరణశిక్ష పొంది, చెరసాలలోనే రోగముచే మరణించెను. ఆ మరణవార్త ఇంగ్లండులో బానిసత్వ నిర్మూలనోద్యమమునకు ఎంతో బలము చేకూర్చినది.

1834లో బానిసత్వము చట్టముచే రద్దయినప్పుడు పరిహారము పొందినవారు బానిసలు గారు, యజమానులు. జాన్ గ్లాడ్‌స్టన్ తనకు చెందిన 2,508 మంది మనుష్యులకు 1,06,769 పౌండ్లు పుచ్చుకొనెను. అంతకు చాలక, విముక్తులగు నీగ్రోలు ఇకమీదట తాము చెప్పిన కూలికి పనిచేయరని శంకించి, 1836 జనవరిలో కలకత్తాలోని గిలాండర్స్ అర్బత్‌నాట్ కంపెనీకి జాబు వ్రాసి, తన తోటలకు భారతదేశమునుండి కూలీలను పంపుమని కోరెను. కొండజాతివారు మనుష్యులకంటె కోతులకు దగ్గరివారని చెప్పుకొందురని ప్రత్యుత్తరమున వ్రాయుటకు ఆ వర్తకుల కలము సంకోచింపలేదు. 1838 జనవరిలో విట్బీ, హెస్పెరస్ అను రెండు ఓడలు కలకత్తానుండి బయలుదేరి, మే 5వ తేదీన గయానా తీరమును చేరెను. వానినుండి దిగినవారు 396 మంది. ఈ గ్లాడ్‌స్టన్ కుమారుడే తరువాత బ్రిటిషు ప్రధానమంత్రి పదవిని నాలుగుమార్లు అలంకరించిన విలియం గ్లాడ్‌స్టన్.

తొలి కూలీల దుర్దశ ఇంగ్లండులో వెల్లడియై కొలది సంవత్సరములు ఆ వలస నిలిచిపోయినను, 1845లో మరల మొదలయ్యెను. అప్పటినుండియే చెన్నపట్టణపు రేవునుండియు ఓడలు బయలుదేరినవి. 1917 వరకు గయానాకు పోయిన సుమారు 2,39,000 మందిలో చెన్నపట్టణముమీదుగా పోయినవారు సుమారు 15,000. వారిలో తమిళులు హెచ్చు, తెలుగువారును కలరు. రేవుపేరునుబట్టి వారందరికిని అచట 'మద్రాసీలు' అను నొక్కటే పేరు. భాష రెండు మూడు తరములలో నశించినను, వీరాసామి, రామసామి, మునిసామి వంటి పేరులు బెర్బీసు పల్లెలలో నిలిచినవి. 2015 నుండి 2020 వరకు గయానా ప్రధానమంత్రిగా నుండిన మోజెస్ వీరాసామి నాగముత్తు ఆ మద్రాసీల సంతతివాడే. దేవతలును నిలిచిరి. కాళీమాయి కోవెలలలో మారెమ్మ, మదురైవీరుడు, సంగని మొదలగు వేల్పులు నేటికిని పూజలందుకొనుచున్నారు. సంగనికి పూజలో నైవేద్యముగ నుంచునది చుట్టయు రమ్మును. మన గ్రామదేవతకు కల్లుసాక పోయు ఆచారము సముద్రములు దాటి, కల్లు దొరకని దేశమున, కూలీల చెమటతో తయారైన రమ్మునే సాకగా స్వీకరించినది.

గోదావరీ మండలమునుండి పోయినవానికి చెరకు క్రొత్తది కాదు. రాజమహేంద్రవరపు సర్కారున రైతులు చెరకు పెంచు విధమును, బెల్లము వండు విధమును సామర్లకోటలో వృక్షశాస్త్ర పరిశోధన చేసిన విలియం రాక్స్‌బర్గు 1790లలోనే వివరముగ వ్రాసియుండెను. ఆ సామర్లకోటయందే పందొమ్మిదవ శతాబ్దము చివర దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ వెలసి, పంచదారను సారాయిని ఒకే చోట తీయసాగెను. కాని తన గానుగకడ బెల్లము వండుకొను రైతునకును, డెమరారా తోటలోని ఒడంబడిక కూలీకిని పోలిక లేదు. అయిదేండ్ల పత్రముమీద వ్రేలిముద్ర వేసినవాడు అనుమతి చీటి లేక తోట దాటరాదు. నిర్ణయించిన పని పూర్తిచేసిననే రోజుకు ఒక షిల్లింగు. పని మానినచో, అది సివిలు వ్యాజ్యము గాక నేరమై, జరిమానాయో చెరసాలయో ప్రాప్తించును. వారికి నివాసములుగ నిచ్చినవి లాజీలను పొడవుపాటి కొట్టములు. అంతకుముందు బానిసలున్న కొట్టములలోనే పలువురిని ఉంచిరి. తోట వాకిట రమ్ము దుకాణము. వారపు కూలిలో కొంత భాగము ఆ దారినే తోటల వర్గమునకును ప్రభుత్వపు సుంకమునకును తిరిగి చేరుచుండెను. కూలీల త్రాగుడును గూర్చి దొరలు వ్రాసిన నిందావాక్యములు చదువునపుడు, ఆ రమ్ము ఎవరిది, ఆ దుకాణమును అచట నిలిపినది ఎవరు అను ప్రశ్నలు వేసికొనక తప్పదు.

తోటలనుండి పీపాలు లండనుకు పోయెడివి. వెస్టిండియా రేవులలో రమ్ము కొరకు ప్రత్యేకముగ నొక గట్టు కలదు. బ్రిటిషు నౌకాదళమువారు తమ నావికులకు దినమునకు అరపైంటు చొప్పున రమ్ము పంచుచుండగా, 1740లో వెర్నన్ అను నౌకాధిపతి దానికి నాలుగింతలు నీరు కలిపి రెండు మార్లుగ నిమ్మని యుత్తరువు చేసెను. 1784 నుండి నౌకాదళమునకు రమ్ము సమకూర్చినవారు జేమ్స్ మాన్ స్థాపించిన వర్తకసంస్థవారు. అనేక దీవుల రమ్ములు డెట్‌ఫర్డు గిడ్డంగులలోని పెద్దతొట్లలో కలిసి యొక్కటయ్యెడివి. ఆ మిశ్రమమునకు దేహమును రంగును ఇచ్చినది ముఖ్యముగ డెమరారా రమ్ము. ఆ పంపకము క్రమముగ తగ్గుచు వచ్చి, 1970 జులై 31వ తేదీన ముగిసెను. నావికులు నల్లపట్టీలు ధరించి దానికి అంత్యక్రియలు జరిపిరి. ఆ దినమును స్మరించువారు లోకమున ఇప్పటికిని కలరు.

ఇక బట్టీల సంగతి. స్కాట్లండు విస్కీకైనను, ఫ్రాన్సు బ్రాందీకైనను బట్టీ యనగా రాగిపాత్ర. డెమరారాలో మాత్రము కొయ్యతో చేసినవి మూడు మిగిలియున్నవి. ఆ దేశపు అడవులలో గ్రీన్‌హార్టు అను వృక్షము కలదు. దాని చేవ నీటిలో మునుగునంత బరువైనది, పురుగు పట్టదు, ఉప్పునీటికి చెడదు. ఇంగ్లండులోని రేవు తలుపులకును, ఉత్తరధ్రువ సముద్రమున మంచునెదిరించిన నాన్సెన్‌గారి ఫ్రామ్ నౌక పైపొరకును ఈ కొయ్యనే వాడిరి. దాని మందపు పలకలను నిలువున కూర్చి, ఇనుపపట్టీలు బిగించి, పైన రాగిమూతయు మెడయు అమర్చినచో బట్టీ సిద్ధమగును. పోర్ట్ మొరాంట్ తోటది జంటబట్టీ. 1732 నాటిదని ప్రతీతి. మొదటి తొట్టిలోని ఊటలోనికి ఆవిరి పంపి మరిగింపగా, లేచిన ఆవిరి మెడగుండా పోయి రెండవ తొట్టిలోని ద్రవములోనికి దిగి దానిని మరిగించును. అచటినుండి మరల పైకి లేచి, శుద్ధిపాత్రలు దాటి, చల్లనీటి గొట్టములలో రమ్మై జారును. వెర్సెయిల్స్ తోటది ఒంటిబట్టీ. ఎన్మోరు తోటది 1880లో కట్టిన రెండు నిలువు గోపురముల బట్టీ. ఐర్లండువాడగు ఈనియస్ కాఫీ 1830లో హక్కుపత్రము పొందిన యంత్రమును లోహమునకు మారు కొయ్యతో కట్టినది. అట్టిది ప్రపంచమున మరియొకటి నేడు పనిచేయుట లేదు.

ఈ బట్టీలలో వందలయేండ్లనాటి కొయ్య యెంత మిగిలియున్నదని తర్కించువారు కలరు. అరిగిన పలకను తీసి క్రొత్తపలక నమర్చుట ఎప్పటికప్పుడు జరుగునదే. కావున నిలిచినది కొయ్య అనుటకంటె, కొలతలును పనితనమును అనుట న్యాయము. పలకను ఎంత వంపున చెక్కవలెనో, ఏ బిగువున పట్టీని దిగగొట్టవలెనో తెలిసిన చేతులు ఒక తరమునుండి మరియొక తరమునకు తెగక వచ్చినందుననే ఆ బట్టీలు బ్రతికియున్నవి. తడికి ఉబ్బి సందులు మూసికొను కొయ్య, పనిలేక ఎండినచో విచ్చును. అట్టి బట్టీని ఊరక వస్తుప్రదర్శనశాలలో నుంచి కాపాడుటకు వీలులేదు, పని చేయింపవలసినదే. వానినుండి దిగు రమ్ము చమురువలె చిక్కనై, అతిమధురపు వేరు, ఎండుద్రాక్ష, మాడిన చక్కెర కలిసిన వాసన గలదై యుండును. ఆ వాసన ఊటను రాగికి దూరముగ, తడిసిన చేవకొయ్యతో నిరంతరము తాకించుటవలన గలిగినదని పనివారి నమ్మకము. పిమ్మట దానిని ఓకుపీపాలలో నుంచుదురు. ఆ ఉష్ణదేశమున ఏటేట పీపానుండి ఆవిరియై పోవు భాగము స్కాట్లండులో పోవుదానికి రెండు మూడు రెట్లు.

పీపాలమీద తోటల సంకేతాక్షరములు వ్రాయుట లండను వర్తకులకై ఏర్పడిన ఆచారము. పి.యం. అనగా పోర్ట్ మొరాంట్; ఇ.హెచ్.పి. అనగా ఎన్మోరు యజమానియగు ఎడ్వర్డ్ హెన్రీ పోర్టరు. పంతొమ్మిదవ, ఇరువదవ శతాబ్దములలో చిన్నతోటలు పెద్దతోటలలో కలిసి, వందలకొలది బట్టీలు వ్రేళ్లమీద లెక్కింపదగినవై, తుదకు దేశపు చెరకులో అధికభాగము బుకర్స్ అను నొక్క కంపెనీ వశమయ్యెను. తోట మూతపడినపుడు కొనువారు ఆ తోట రుచిని విడువరైరి గనుక, బట్టీని విప్పి మరియొక తోటకు తరలించిరి. ఈ కారణమున, తోట నశించినను దాని అక్షరములు బట్టీతోబాటు ఊరూరు తిరిగినవి.

ఆ అక్షరముల చాటున నున్న ఊళ్లకు వేరొక చరిత్రయు కలదు. పోర్ట్ మొరాంట్ తోటలో 1918లో ఒడంబడిక కూలీల యింట జన్మించి, తండ్రి ఆ తోటలోనే మేస్త్రీ కాగా, దంతవైద్యమును చదివి వచ్చి, కార్మికోద్యమమునకు నాయకుడై, 1953లో ఎన్నికలు గెలిచి, నూటముప్పదిమూడు దినములకే బ్రిటిషు ప్రభుత్వముచే పదవినుండి తొలగింపబడి, కడకు 1992లో దేశాధ్యక్షుడైనవాడు ఛెడ్డీ జగన్. అతని బాల్యము గడచినది ఆ జంటబట్టీ పొగగొట్టమునకు సమీపముననే. ఎన్మోరునందు 1948లో చెరకు నరకువారే దానిని మోసి పడవలకెత్తవలెనను పద్ధతిని వ్యతిరేకించి కార్మికులు సమ్మె చేసిరి. జూన్ 16వ తేదీన కర్మాగారము వెలుపల పోలీసులు కాల్చిన గుండ్లకు అయిదుగురు కూలిరి: రాంబరణ్, పూరణ్, లల్లాబాగీ, సూరజ్‌బలీ, హ్యారీ. వారి శవములవెంట జనము ఎన్మోరునుండి రాజధానియగు జార్జిటౌనువరకు నడచిపోయెను. సమాధులయొద్ద తన జీవితమును ఈ పీడన తొలగించుటకే ధారపోయుదునని జగన్ ప్రతిన బూనెను. కాలువల మైళ్లను, కదల్చిన మన్నును లెక్కగట్టిన వెన్ విచారణ సంఘము వచ్చినది ఆ యేటి సమ్మె ఫలితముగనే. ఇ.హెచ్.పి. అను ముద్రను చూచి పరవశించు రసికులకు ఎన్మోరు అనగా ఈ అయిదు పేరులని గూడ తెలిసియుండుట న్యాయమని నా మనవి. బట్టీ వయస్సును చీటిమీద ఘనముగ చెప్పుకొనువారు ఆ పేరులకును ఒక పంక్తి చోటిచ్చిన బాగుండును.

1976లో ప్రభుత్వము బుకర్స్ తోటలను జాతీయము చేసెను. 1983లో రెండు బట్టీ కంపెనీలు కలిసి డెమరారా డిస్టిలర్స్ అను సంస్థగ ఏర్పడెను. శతాబ్దాంతమునాటికి మూడు కొయ్యబట్టీలును డెమరారా నది తూర్పుగట్టున నున్న డైమండ్ తోటకు చేరినవి. ఆ సంస్థకు చిరకాలము అధ్యక్షుడుగ నుండిన యేసు పర్‌సాద్ ఆ డైమండ్ తోటలోనే ఒడంబడిక కూలీల వంశమున 1928లో జన్మించినవాడు. అంతవరకు పీపాలలో పరదేశమునకు పోయి, పరుల పేర సీసాకెక్కుచున్న రమ్మును, 1990ల యారంభమున, పదునైదేండ్లు స్వదేశముననే నిలవయుంచి, ఎల్డొరాడో అను పేర లోకమునకు చూపినది అతని హయాములోనే. కూలీ మనుమడు తోటకు అధిపతియగుట యొక యెత్తు. ఆ తోట ఫలమునకు తానే పేరు పెట్టి అమ్మగలుగుట మరియొక యెత్తు. ఈ రెండవదానినే నేను పెద్దదిగ నెంతును. 2021లో ఐరోపా సమాఖ్య డెమరారా రమ్ము అను పేరునకు భౌగోళిక గుర్తింపునిచ్చి, గయానాలో తయారైనదానికే ఆ పేరు చెల్లునని అంగీకరించెను.

అయితే పేరునకు రక్షణ దొరకిన ఈ కాలముననే చెరకునకు గడ్డుదినములు వచ్చినవి. ప్రభుత్వపు పంచదార సంస్థ నష్టములకు తాళలేక 2016లో వేల్స్ కర్మాగారమును, 2017 చివర ఎన్మోరు, రోజ్‌హాల్, స్కెల్డన్ కర్మాగారములను మూసివేయగా, వేలాది కుటుంబములు పనిలేక వీధిన పడెను. ఎన్మోరు పేరు గల కొయ్యబట్టీ మాత్రము డైమండ్‌లో నేటికిని మరుగుచునే యున్నది. దానికి కావలసిన మడ్డికై ఆ దేశము ఇపుడు ఆల్బియన్, బ్లెయిర్‌మాంట్ మొదలుగా మిగిలిన కొలది కర్మాగారముల వంక చూడవలసియున్నది.